పెరగని పాము మీద నేను రాసిన రిపోర్టు

పశువైద్యం చదివి గల్ఫ్‌కి పోదామనుకునే పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ పరీక్ష రాయాలి, ఏ సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర పడాలి అని అడుగుతారు. అవి చెప్పడానికి ఏజెంట్లు ఉన్నారు, నాకన్నా బాగా చెబుతారు. పద్నాలుగేళ్ళు రియాద్‌లో ఒక ప్రైవేటు జంతువుల ఆసుపత్రిలో పనిచేసి వచ్చినవాడిగా నేను చెప్పగలిగింది వేరే ఉంది. అది చెబితే మీకు నా మీద గౌరవం పెరగదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు.

గేదెల డాక్టరు

నేను తెనాలి వైపు వాణ్ణి. అక్కడి పల్లెల్లో పదకొండేళ్ళు పశువుల డాక్టరుగా చేశాను. చెయ్యి మంచిదని పేరు. గేదె చూడి నిలిచిందో లేదో నిమిషంలో చెప్పేవాణ్ణి. ఆ పేరంతా మోసుకుని రియాద్‌లో దిగితే మొదటిరోజే నా చేతికి ఒక వేట డేగను ఇచ్చారు. కళ్ళకు తోలు టోపీ తొడిగి ఉంది. దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆ రోజు మొదలైన జబ్బు నాకు చాలా ఏళ్ళు తగ్గలేదు.

మా ముదీర్, అంటే మేనేజరు, జోర్డాన్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆయనా పశువైద్యుడే. మాట పెళుసు, చెయ్యి మెత్తన. నేను చేరిన కొత్తలో ఒక డేగ గురించి "యజమాని అతిగా వేటాడించడం వల్ల నీరసించింది" అని రాస్తే, ఆ కాగితం నా ముందే చింపేశాడు.

"వేట నువ్వు చూశావా?" అన్నాడు.

"లేదు."

"చూసింది రాయి. అనుకున్నది నీ దగ్గరే ఉంచుకో."

మాట బాగుందని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. అక్కడితో సరి. మళ్ళీ ఆ పేజీ తిప్పలేదు.

ఆ ఉద్యోగం నిజంగా ఏమిటో ఒక్కముక్కలో చెప్పమంటే ఇలా చెబుతాను. జంతువు ఉన్నవాడిది, చాకిరీ లేనివాడిది. కుర్చీలో కూర్చుని దాని కథంతా చెప్పేవాడు యజమాని. దాని గురించి అసలు తెలిసినవాడు చెప్పులు విడిచి గుమ్మం బయట నిలబడి ఉంటాడు. డాక్టరు ఎవరివైపు తిరిగి మాట్లాడుతున్నాడో చూస్తే చాలు, వైద్యం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. నేను చాలాకాలం కుర్చీ వైపే తిరిగి కూర్చున్నాను.

ప్లాస్టిక్ పెట్టెలో వచ్చిన పేషెంటు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో సంగతి. విదేశీయులు ఉండే కాంపౌండ్ ఒకటి ఖాళీ చేస్తూ ఎవరో బట్టల పెట్టెలో ఒక పామును వదిలేసి వెళ్ళారు. కాపలావాళ్ళు దాన్ని మా దగ్గరికి తెచ్చారు. అది బోవా. దక్షిణ అమెరికా అడవుల పాము, మన కొండచిలువకు దూరపు చుట్టం. విషం ఉండదు, చుట్టుకుని చంపి మింగుతుంది. ఇది చుట్టుకునే స్థితిలో లేదు. చెయ్యంత పొడుగుంది, వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఎన్నాళ్ళు పస్తున్నదో ఎవరికీ తెలియదు.

రెండు నెలలు సాకాను. ఒళ్ళు కాస్త నిండింది. ఈలోగా మా కఫీల్, అంటే మా వీసాల యజమాని, తన స్నేహితుడితో క్లినిక్‌కి వచ్చాడు. ఆ స్నేహితుడికి పాము నచ్చింది. కఫీల్ స్నేహితుడికి నచ్చిన వస్తువు గురించి మనం ఆలోచించుకునేదేమీ ఉండదు. రియాద్ బయట ఆయనకొక ఇస్తిరాహా ఉంది. చుట్టూ ప్రహరీ, లోపల ఖర్జూర చెట్లు, అతిథులు కూర్చునే పెద్ద మజ్లిస్ హాలు. వారాంతాల్లో స్నేహితులు చేరే చోటు. ఆ హాల్లో అద్దాల పెట్టె కట్టించి పామును పెడతానన్నాడు.

"రెండేళ్ళలో మనిషంత అవుతుందట కదా?" అని నన్ను అడిగాడు.

అవుతుందన్నాను. పుస్తకంలో అలాగే ఉంది. కడుపునిండా తిని పెరిగిన పాముల గురించి ఆ పుస్తకం రాశారన్న సంగతి నాకు తట్టలేదు.

పాము అక్టోబరులో వెళ్ళింది. ఏడాదిన్నర దాటాక, మే నెలలో కబురొచ్చింది. పాము పెరగడం లేదు, వచ్చి చూడమని.

మజ్లిస్‌లో చలి

బయట నలభై డిగ్రీల పైన ఎండ. మజ్లిస్‌లోకి అడుగుపెడితే పళ్ళు కొట్టుకున్నాయి. ఏసీ పదహారు మీద ఉంది. ఆ ఏసీ వేసవి అంతా ఆగదట. నేను చొక్కా గుండీలు పెట్టుకున్నాను. నాకు చలేసిన గదిలో పాముకు ఎలా ఉంటుందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

అక్కడ తోటపనీ, మోటార్లూ, డేగలూ, పామూ అన్నీ చూసుకునే మనిషి ఒక్కడే. పేరు గంగారాం. నలభై దాటినవాడు, సన్నగా ఉంటాడు.

"నమస్తే సారూ. మీరు మనోళ్ళే అని డ్రైవర్ జెప్పిండు" అన్నాడు.

"ఏ ఊరు?"

"జగిత్యాల దాటినంక సారూ. ఎనిమిదేండ్లాయె ఈడ. నాలుగేండ్లాయె ఇంటికి వోక. వచ్చే నెల లీవిస్తనన్నడు కఫిల్."

అతని కఫీల్ అంటే ఈ ఇస్తిరాహా యజమానే. అద్దం జరిపే ముందు గంగారాం రెండు చేతులూ జోడించి పాముకు దండం పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

"పాముకు దండమా?"

"పెట్టకుంట ఎట్ల సారూ. మనింటికాడ పుట్టకు వెడ్తం. గిది అద్దంల ఉన్నది, గంతే."

తిండి ఎలా పెడుతున్నావని అడిగాను. డేగల కోసం ఫ్రీజర్‌లో నిల్వ ఉంచే కౌజు పిట్టల్లోంచే పాముకూ పెడతారు. వేడి నీళ్ళలో వేసి మెత్తబడ్డాక ఇస్తారు.

"శనారం ఒక పిట్ట. ఒక్కోపాలి పది దినాలకు. సోమారం మాత్రం ముట్ట సారూ, ఒక్కపొద్దుంట."

ఆ మాటతో నా మనసులో కేసు అయిపోయింది. మనవాళ్ళ సంగతి నాకు తెలియనిదా అనుకున్నాను. పాముకు దండం పెట్టేవాడు, సోమవారం మాంసం ముట్టనివాడు, చచ్చిన పిట్టను పాము నోటికి అందించడానికి వారాలూ వర్జ్యాలూ చూస్తుంటాడు. సగం రోజులు ఎగ్గొడుతూ ఉంటాడు. ఇదీ నా రోగనిర్ణయం. అరబ్బు డాక్టరెవరూ ఈ తప్పు చేసి ఉండడు. అది చేయడానికి తెలుగువాడే కావాలి, అందులోనూ నాలాంటి చదువుకున్న తెలుగువాడు.

గంగారాం ఇంకా చెబుతూనే ఉన్నాడు. "సారూ, గీ గది సల్లగుంటే ఇది బండ లెక్క పడి ఉంటది. ఈ నెల సంది మోటరు గదిల వెడ్తున్న. ఆడ ఎచ్చగుంటది, మంచిగ తిరుగుతది, తిన్నది అరుగుతది. బేస్తారం కఫిల్ వస్తడని మల్లీడికి తెస్త. ఏసీ నన్ను ముట్టద్దన్నరు."

జబ్బు అదే. మందు కూడా అదే. రెండూ అతని నోటితోనే చెప్పాడు. నేను టేపు పట్టుకుని పాము పొడుగు కొలుస్తున్నాను. నాలుగడుగులు కూడా లేదు.

ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. "కుబుసాలు సారూ. ఇడిసినప్పుడల్ల దాసిపెట్టిన."

"అవెందుకయ్యా, అవతల పారెయ్" అన్నాను.

ఒక్క వాక్యం

తిరుగు దారిలో కారులోనే రిపోర్టు రాశాను. వయసుకు తగ్గ ఎదుగుదల లేదు. సంరక్షకుడు ఆహారం క్రమంగా ఇవ్వడం లేదు, కొన్ని రోజులు మానేస్తున్నాడు. ఇకమీదట వారానికి రెండుసార్లు, బుధవారం, ఆదివారం, రెండేసి పిట్టలు పెట్టాలి. క్లినిక్‌లో దాన్ని అరబ్బీలోకి మార్చి ముద్ర కొట్టారు. అతను మానేయడం నేను చూడలేదు. అనుకున్నాను, అంతే.

అంత తిండి బోవాకు విషంతో సమానం. పాము కడుపు దానంతట అది వేడెక్కదు. బయటి వేడితోనే అరుగుదల. శనివారం పెడితే మోటారు గది వెచ్చదనంలో అయిదు రోజులు అరిగేది. నేను దాన్ని బుధవారానికి మార్పించాను. బేస్తవారం కడుపు నిండా పిట్టలతో పదహారు డిగ్రీల గదిలో అతిథుల ముందు పెట్టారు. అప్పట్లో అక్కడ వారాంతం బేస్తవారం, శుక్రవారం. మూడోవారం వాళ్ళకు చూపించడానికి పెట్టెలోంచి బయటికి తీస్తే, అది మజ్లిస్ తివాసీ మీద పిట్టల్ని అలాగే కక్కేసింది.

యజమాని గంగారాంను పిలిచి నిలదీశాడు. రిపోర్టు చేతిలో ఉంది. ఆయన లెక్క సూటిగా ఉంది. వీడు తిండి ఎగ్గొడుతున్నాడని డాక్టరే రాశాడు. మరి ఇన్నాళ్ళూ ఫ్రీజర్‌లో తగ్గిన పిట్టలు ఎటు పోయాయి? మంచివి వీడు వండుకు తిని, పాడైనవి పాముకు పెట్టాడు. యజమాని పామును మా క్లినిక్‌కి పంపించాడు. గంగారాంకు ఎగ్జిట్ కొట్టమన్నాడు. లీవు మీద వెళ్ళి తిరిగి రావలసిన మనిషి, ఇక మళ్ళీ రాకుండా వెళ్ళాలి, అదీ దొంగ అనిపించుకుని.

గంగారాం క్లినిక్‌కి ఫోన్ చేశాడు. గొంతు నెమ్మదిగానే ఉంది.

"సారూ, బేస్తారం ఫ్లయిట్ అంట. వంపితే వంపనియ్యి, ఇంటికే గదా వోయేది. కని పాముకు వెట్టే పిట్టను నేను తింటనా సారూ? మీరొక్క మాట జెప్పుండ్రి."

"చూస్తాను" అన్నాను. మా వృత్తిలో చూస్తాను అంటే చెయ్యను అని.

సంచిలో ఏముంది

ఆదివారం మా క్లినిక్ డ్రైవర్ నజీర్ ఆ ఇస్తిరాహాకు మందులు ఇవ్వడానికి వెళ్ళి, ఒక సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "గంగారాం నే దియా, డాక్టర్ సాబ్. బోలా, ఏక్ బార్ దేఖ్ లేనా." గంగారాం ఇచ్చాడట, ఒక్కసారి చూడమన్నాడట. అదే ప్లాస్టిక్ సంచి.

ఈసారి విప్పాను. పది కుబుసాలు. ఒక్కోటి ఒక్కో న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి ఉంది. ప్రతి కాగితం మీదా బాల్ పెన్నుతో తెలుగులో నెల పేరు. స్టోర్ రూమ్ నేల మీద వాటిని వరసగా పరిచాను. మొదటిదానికన్నా రెండోది రెండు వేళ్ళు ఎక్కువ. రెండోదానికన్నా మూడోది ఇంకో రెండు వేళ్ళు. పదోదాకా అంతే. ఎక్కడా ఆగలేదు. నేను పెరగలేదని రాసిన పాము పెరుగుతూనే ఉంది.

తర్వాత నెలలు చదివాను. నవంబరు, డిసెంబరు, జనవరి, మార్చి. రెండు చలికాలాల్లో కలిపి ఎనిమిది కుబుసాలు. మధ్యలో వేసవి అంతా కలిపి రెండే. కొంతసేపు నాకు అర్థం కాలేదు. పాములు ఎండాకాలం పెరిగి చలికాలం మందగిస్తాయి. ఇది తిరగబడింది. అప్పుడు నా పళ్ళు కొట్టుకున్న గది గుర్తొచ్చింది. చలికాలంలో ఏసీ ఆగుతుంది, మజ్లిస్‌లో హీటరు వెలుగుతుంది. ఆ పాముకు రియాద్ వేసవే చలికాలం.

లోపలికి వెళ్ళి పామును తీసి మొదటిసారి సరిగా పరీక్షించాను. మగది. బోవాల్లో మగవి చిన్నగానే ఉంటాయి. అయిదు నిమిషాల పరీక్ష. ఏడాదిన్నర కిందట నా చేతిలో రెండు నెలలు ఉన్నప్పుడే చేసి ఉండాల్సింది. పసితనంలో పస్తు, మగ పుట్టుక, వేసవంతా చలి. ఇన్ని ఉండి కూడా అది అన్ని వేళ్ళు పెరిగిందంటే, దాన్ని చూసుకున్నవాడు ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో.

ముదీర్‌ను పిలిచి చూపించాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కుబుసాలన్నీ ఒక్కోటీ చూశాడు.

"ఇంత మంచి కేసు నేను చూడలేదు. ఇవి దాచినవాడు ఎవరు?"

చెప్పాను. రిపోర్టు మార్చి రాస్తానని కూడా చెప్పాను. ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ముద్ర పడ్డ కాగితం వెనక్కి రాదు. తప్పని రాస్తే ఎవరి తప్పని రాస్తావు? నీదనా, ఏసీ ఆపని ఆయనదనా? ఆయన మన కఫీల్ స్నేహితుడు. నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?"

"అంటే రాయొద్దంటారా?"

"నేను ఏమీ అనలేదు" అన్నాడు ముదీర్, వెళ్ళిపోతూ.

ఆ రోజు ఆదివారం. విమానం బేస్తవారం. మధ్యలో నాకు పూర్తిగా మూడు రోజులు ఉన్నాయి. ఎవరూ నన్ను కట్టేయలేదు. ఒక ఫోన్ చేయాలి, లేదా ఒక కాగితం రాయాలి. సోమవారం ఒక పిల్లికి పళ్ళు పీకాను. మంగళవారం, బుధవారం డేగల పని. నాకు భయమేసింది. దీనికి ఇంకో పేరు పెట్టి చెప్పగలను, చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను కూడా. భయమేసింది, అంతకుమించి ఏమీ లేదు. గంగారాం వెళ్ళిపోయాడు.

పాము పెరిగింది

పామును మా దగ్గరే ఉంచమన్నారు. పక్షుల పొదుగు యంత్రాలుండే వెచ్చటి గదిలో పెట్టాను. రెండు వారాలు ఏమీ పెట్టకుండా కడుపుకు విశ్రాంతి ఇచ్చి, తర్వాత రెండు వారాలకొక పిట్ట. గంగారాం పెట్టినదానికన్నా తక్కువే. ఏడాది తిరిగేసరికి అడుగున్నర పెరిగింది.

మీరు ఈ పనిలోకి వస్తే, పాము పెరగడం లేదని ఎవరైనా తెస్తే, తిండి గురించి ఆఖరున అడగండి. ముందు గదిలో వేడి ఎంతో అడగండి, అడగడం కాదు, వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. మగదో ఆడదో చూడండి. పుట్టాక మొదటి నెలలు ఎక్కడ, ఎలా గడిపిందో తెలుసుకోండి. కుబుసాలు ఉంటే తెమ్మనండి. తిండి పెంచమని మాత్రం తొందరపడి రాయకండి. మెల్లగా పెరగడం జబ్బు కాదు. దాన్ని జబ్బనేది ఎక్కువగా దాన్ని పదిమందికి చూపించుకోవాలనుకునేవాడు. ఇదంతా ఇప్పుడు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. వీటన్నిటికన్నా ముందు, గుమ్మం బయట నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. అది ఏ పుస్తకంలోనూ లేదు.

పామును తీసుకెళ్ళడానికి యజమాని స్వయంగా వచ్చాడు. దాన్ని చూసి చాలా సంతోషించాడు. నా భుజం తట్టాడు.

"చూశావా డాక్టర్, దొంగ పోయాడు, పాము పెరిగింది" అన్నాడు.

నా వైద్యం గంగారాం దొంగతనానికి సాక్ష్యం అయింది. కాదని చెప్పడానికి అది రెండో అవకాశం. గావా, అదే అరబ్బు కాఫీ, కప్పు నా చేతిలో ఉంది, ఖర్జూరాల పళ్ళెం ఎదురుగా ఉంది. ఒక ఖర్జూరం తీసి నోట్లో పెట్టుకున్నాను. మా కఫీల్ ఎదుట నాకు మంచి పేరొచ్చింది. ఆ పేరుతోనే మిగతా ఏళ్ళు గడిచాయి.

జగిత్యాల దాటాక

రిటైరయ్యాక ఒకసారి ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. బస్సు దిగి గంగారాం ఇల్లెక్కడని అడిగితే, హోటల్ ముందు కూర్చున్న ఒకాయన అన్నాడు, "ఏ గంగారాం? పాము కూడు గంగారామా?"

ఆ ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పట్లో రియాద్‌లో పనిచేసేవారు. కబురు అతనికన్నా ముందే ఊరు చేరింది. పాము నోటికాడి పిట్టను తిన్నవాడని పేరు పడింది. ఇన్నేళ్ళ తర్వాత ఇంటి ఆనవాలు కూడా ఆ పేరుతోనే.

గంగారాం ఊరి నీళ్ళ ట్యాంకు మోటారు చూసుకుంటున్నాడు. నన్ను చూడగానే పోల్చుకున్నాడు. కుర్చీ తెచ్చి వేశాడు. తను గడప మీద కూర్చున్నాడు. మొదట అడిగిన మాట ఇది.

"పాము ఎంతైంది సారూ?"

"అయిదడుగులు దాటిందయ్యా."

"ఎచ్చగ వెట్టిండ్రు గదా" అన్నాడు. అతని ముఖంలో నిజంగా సంతోషం కనిపించింది.

నేను తప్పు చేశానని చెప్పాను. రిపోర్టు, సంచి, ముదీర్, అన్నీ చెప్పాను. అతను అడ్డు రాలేదు. అంతా విన్నాక అన్నాడు.

"తప్పు అందరు జేస్తరు సారూ. కని సంచి మీకు ముట్టిందని నజీర్ ఆ దినమే జెప్పిండు. బేస్తారం దాంక ఫోను కాడనే ఉన్న."

ఇప్పుడైనా కాగితం రాసిస్తానన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చాడు.

"తెలుగుల రాయుండ్రి. మా ఊరోళ్ళు సదువాలె."

పేజీ నిండా రాశాను. పాము మగదనీ, చిన్నప్పుడు పస్తులున్నదనీ, గది చలి వల్ల అరుగుదల మందగించిందనీ, కుబుసాల కొలతల ప్రకారం ఎదుగుదల ఎప్పుడూ ఆగలేదనీ, సంరక్షణలో లోపం లేదనీ, ముందు రిపోర్టు నా పొరపాటనీ. కింద సంతకం, డిగ్రీ. అతను కాగితం తీసుకుని గడప మీదే కూర్చుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ మొత్తం చదివాడు. చాలాసేపు పట్టింది.

"మంచిగ రాసిండ్రు సారూ" అన్నాడు. కాగితం మళ్ళీ నా చేతికిచ్చాడు. "కని పిట్టలు తినలేదని రాయలే."

నిజమే. వేడి గురించి రాశాను, మగ పుట్టుక గురించి రాశాను, నా శాస్త్రమంతా రాశాను. ఆ ఒక్కటీ రాయలేదు. కింద చోటు లేదు. పైన అంచులో కొంచెం ఖాళీ ఉంటే అక్కడ రాశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను. గంగారాం ఆ పిట్టల్లో ఒక్కటి కూడా తినలేదు.